తొమ్మిది పూసలు

హబ్సిగూడలో రాత్రి పదకొండు దాటింది.
చివరి మెట్రో పోయిన చప్పుడు.
గాజుపళ్లెంలో బీటా కణాలు
నేను పోసిన చక్కెర నీళ్లలో
మేలుకునే ఉన్నాయి.

లోపల ఇన్సులిన్ నిండుగా ఉంది.
సంచులు గోడదాకా వచ్చి
బేగంబజార్లో హమాలీలు దింపని మూటల్లా
ఆగిపోయాయి.

పొద్దున విషం వేశాను.
పాడైన డబ్బా తిండిలో పుట్టి ఊపిరి ఆపేది అదే,
బంజారాహిల్స్ క్లినిక్కుల్లో నుదుటి ముడతలు సాపు చేసేదీ అదే.
ఇక్కడ మాత్రం దేన్నీ చంపలేదు.
రెండువందల ఆరు పూసల దండలో
చివరి తొమ్మిదీ తెంపింది, అంతే.
సంచికీ గోడకీ మధ్య జిప్పు
ఇక పడదు.

"ఉన్నదా లేదా, మేడం?"
గాజుసామాను కడిగే బాలమణి
నా భుజం మీంచి చూస్తుంది.
ఉంది. బయటికి రాదు.
"మా ఆయన మాట లెక్క.
పక్షవాతం వచ్చినకాంచి
నా పేరు పెదిమల దాంక వస్తది. ఆడ్నే ఉంటది."

దానికి నా నోట్‌బుక్కులో గడి లేదు.
స్రావం: కంట్రోల్‌లో ఐదో వంతు,
అని రాశాను.

ఆమె టిఫిన్ సంచీలోంచి పెన్ను తీసి
పద్దెనిమిదికి తిప్పి
కుచ్చెళ్ల పక్కన చర్మం పట్టుకుని నొక్కింది.
టిక్.
పది లెక్కపెట్టేదాకా సూది తియ్యొద్దని
నేనే చెప్పానొకప్పుడు.
ఇద్దరం పైకే లెక్కపెడుతున్నాం.

ఏడు దగ్గర ఫోన్ మోగింది.
అవతల ఎవరూ మాట్లాడటం లేదు.
"ఆఁ," అంటోంది బాలమణి,
"ఇన్న. వస్తున్నా."