తొలి లొట్టి

హోబార్ట్‌లో, మూనా వీధిలో మా అద్దింటి వంటగది
పొద్దున పదింటికి దాణా నానబెట్టిన కొట్టంలా వాసనేసింది.
పెద్ద గిన్నెలో మాల్ట్ పాకం.
ఆగస్టు చలికి కిటికీ అద్దం నిండా ఆవిరి,
ఆవిరి అవతల కొండ, కొండ మీద మంచు.
అటు చూసే తీరిక లేదు,
నా చూపంతా పొంగు మీదే.

పాల పొంగుని ఊదితే వెనక్కి పోతుంది.
ఇది పోదు.
ఫోన్‌లో టైము చూశానో లేదో
స్టవ్వు మీదికి దిగింది పాత బెల్లం మొహంతో.
తుడిచిన చోటల్లా చెయ్యి అతుక్కుంది.
సాయంత్రం దాకా సొరుగు పిడి నన్ను వదల్లేదు.

పక్కింటి గ్లెనిస్ కంచె మీంచి ఒక కాగితం సంచి అందించింది.
ఆ కంచెకే పాకిన హాప్ తీగ పూలు,
మార్చిలో కోసి, ఆరబెట్టి, ఫ్రీజరులో దాచినవి.
పూలంటే పూలు కావు,
పొలుసులు తొడుక్కున్న ఆకుపచ్చ మొగ్గలు.
ఒకటి చిదిమితే వేళ్ళకి పసుపు పుప్పొడి.
బత్తాయి తొక్క, తడిసిన గడ్డి,
ఇంకేదో పేరు దొరకని వాసన.
నాలుక చివర పెట్టానా,
కాకర, వేప, క్వినైను
ముగ్గురూ ఒకే బెంచీ మీద.

"ముందు వేసినవి చేదుకి,
దించే ముందు వేసినవి ముక్కుకి," అంది.
పదమూడో ఏట నుంచీ బుషీ పార్క్ తోటల్లో హాప్ కోసిన మనిషి,
ఇప్పుడు డెబ్బై ఆరు.
"పువ్వు అదే, యాడా. ఎప్పుడు వేశావన్నదే."
నా పేరు యాదలక్ష్మి.
సరిచెయ్యడం మానేసి రెండేళ్ళయింది.

మా తాత లొట్టికి ఇంత తతంగం లేదు.
మోకు, ముస్తాదు, నడుముకి కత్తి,
చెట్టు దిగేసరికే లొట్టిలో నురగ.
ఈస్టు పొట్లం ఎవరూ చింపలేదు,
గాలే వచ్చి కలిపి పోయేది.
ముస్తాదు మీద చెయ్యేస్తే మాత్రం
ఆడపిల్లవి, అటు జరుగు అనేవాళ్ళు.

ఇక్కడ గాలే అంటు.
బకెట్టు, మూత, గరిటె, గొట్టం, నా మోచేతులు
అన్నీ శానిటైజరు నీళ్ళలో ముంచాను.
ఆస్పత్రి ల్యాబులో రోజూ చేసే పనే,
జీతం లేదంతే.
బాత్‌టబ్బులో పెట్రోలు బంకు ఐసు రెండు సంచులు,
మధ్యలో గిన్నె, పక్కన మోకాళ్ళ మీద నేను.
చల్లారాక బకెట్లో పోసి, ఈస్టు చల్లి, మూత బిగించి
కూర్చున్నాను.

మొదటిరోజు ఏం లేదు.
రెండోరోజు ఏం లేదు.
గొంగడి కప్పాను. చెవి ఆనించి విన్నాను.
"చచ్చిపోయిందా గ్లెనిస్?"
"చలికి ముడుచుకుంది.
మూత తీశావంటే చేతులు విరిచేస్తా."

మూడో రాత్రి, రెండు దాటాక
బుడుక్.

కలేమో అనుకున్నా.
బుడుక్.

చీకట్లో లేచిపోయి బకెట్టు పక్కన
చల్లటి బండల మీద చతికిలబడ్డాను.
నూట పన్నెండు దాకా లెక్కపెట్టిన గుర్తు.

సీసాకి పంచదార ఒక్క చెంచా.
నాకు లెక్క తప్పి కొన్నింట్లో రెండు పడ్డాయి.
ఏ కొన్నింట్లోనో తెలియదు.
పన్నెండో రోజు దుప్పట్ల అల్మారాలో టపాకాయ.
మిగతావాటికి తడి తువ్వాళ్ళు చుట్టి,
ల్యాబు కళ్ళద్దాలు పెట్టుకుని,
పసిపిల్లల్ని మోసినట్టు ఒక్కొక్కటీ షెడ్డులోకి చేర్చాను.

ఇవాళ గ్లెనిస్ ఇంటి వెనక మెట్ల మీద తొలి మూత తీశాం.
సగం నురగ గడ్డిలోకి పోయింది.
కాటమయ్య వాటా అనుకున్నాను.
మిగిలింది మసక మసగ్గా, కుడితి రంగులో.
మొదట పచ్చి ఆకు, వెనకే బత్తాయి,
ఆ తర్వాత చేదు,
అప్పు అడగడానికొచ్చిన చుట్టంలా
వచ్చింది, కూర్చుంది, లేవలేదు.

గ్లెనిస్ గ్లాసుని వెలుతురుకి పట్టి చూసింది.
"హాప్ ఎక్కువైంది."
"ఎంత ఎక్కువ?"
"ఒక్క సీసాతో ఎట్లా చెప్తాను?"

కళ్ళద్దాలు పెట్టుకుని
షెడ్డు వైపు నడిచాను.