ఇంటి నంబరు లేని చోటు

నర్సంపేటల బస్సు దిగేసరికి ఇంక మబ్బుల్నే ఉన్నది.
టీ కొట్టాయన బొగ్గులు రాజేస్తున్నడు.
నా సంచిల రెండు పెన్నులు, ఒక అట్ట,
రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం,
పాత అలవాటు పోక ఒక సుద్దముక్క.

పద్దెనిమిదేండ్లు తలుపులు కొట్టినదాన్ని నేను.
కాశిబుగ్గ, శివనగర్, ఉర్సు గుట్ట కింది గల్లీలు.
ఇంట్ల ఎందరు, పైన పెంకా రేకా,
రాత్రి ఇక్కడ్నే పండుకుంటరా అని
కుక్కలు మొరుగుతుంటె అడిగి రాసుకున్నదాన్ని.
ఇప్పుడు పాకాల చెరువు నడుమ
పొయ్యి వెలగని గడ్డ మీద
పిట్టల గూళ్లు లెక్కపెట్టి రమ్మన్నరు.

పడవ ఓదెలుది.
తెడ్డు నీళ్లల్ల ముంచితె చప్పుడు రాదు,
పసిపిల్ల మీది దుప్పటి తీసినట్టు తీస్తడు.
బీట్ ఆఫీసర్ పూనెం నాగమణి
నా గాజులు చూసి తియ్యమన్నది.
"యాడాదికి ఒక్కసారి, ఒక్క పూట.
అంతకు మించి మనకు హక్కు లేదు మేడం."
మరి ఎవలకున్నది, అని అడిగిన.
ఆమె గడ్డం ఎత్తి ముందుకు చూపెట్టింది.

వాసన ముందు వచ్చింది.
గడ్డ తర్వాత కనబడ్డది.
చేపల కంపు, సున్నం, తడిసిన ఈకలు,
వాటి అడుగున ఎక్కడ్నో పచ్చి తుమ్మబంక.
తుమ్మలకు ఆకులు లేవు, కొంగలున్నయి.
కొమ్మలన్నీ రెట్టలతోని తెల్లగ,
పెండ్లి లేకున్నా వెల్ల ఏసుకున్న ఇల్లు తీరు.
ఇగ ఆ లొల్లి!
ఎనుమాముల మార్కెట్ల మిర్చి వేలంపాట
పొద్దంతా ఎవలూ కొనకుండనే నడుస్తున్నట్టు.

మొదటి చెట్టు కాడ నా చెయ్యి దానంతట అదే
సంచిలకు పోయి సుద్దముక్క పట్టుకున్నది.
నంబరు ఎయ్యకుంటె లెక్క ఎట్ల తప్పకుంటది?
నాగమణి ఏమనలే. చూసింది, అంతే.
సుద్దముక్క మళ్ల సంచిలనే పడ్డది.

ఇంటి యజమాని ఎవరు?
నత్తగుల్ల కొంగ ముక్కున నత్త పట్టుకొని
నన్ను పక్కచూపు చూసింది.
ఆ ముక్కు మూసినా నడుమ సందు మిగులుతది.
జవాబు ఆ సందుల నుంచే జారి
కింద బురదల పడ్డదేమో.

పదకొండు గూళ్లు. ముప్పై నాలుగు. డెబ్బై.
నూటారో గూడు కాడ ఉడుము.
తాపీగ ఎక్కి, గుడ్డు నోట కరుసుకున్నది.
"ఓయ్!" అననే అన్న.
గడ్డంత ఒక్కసారి లేచింది, ఆకాశం రెక్కలైంది,
గూళ్లల్ల పిల్లలు ఉత్త నోళ్లు తెరిచినయి.
నా వల్ల.
ఓదెలు మెల్లగ అన్నడు,
"దానికి సుత పూట గడవాలె గదా."
నాగమణి అన్నది, "అదీ రాయుండ్రి."
ఉడుము, ఒకటి. రాసిన. చెయ్యి వణికింది.

నీళ్ల అంచుకు నీలం హవాయి చెప్పు,
ఎడమ కాలిది, మడమ కాడ అరిగింది.
ఏ కట్ట మీద జారిందో, ఏ వానకు కొట్టుకొచ్చిందో.
ఎత్తి చూస్తె కింద కప్ప కాపురం.
ఎట్లున్నదాన్ని అట్లనే పెట్టిన.

కాయిదం చివర ఒక గడి: మనుషులు.
ముగ్గురు, అని రాసిన.
పడవ ఇరవై గజాలు జరిగినంక
నాగమణి నా అట్ట గుంజుకొని
మూడు మీద గీత కొట్టి
సున్న పెట్టింది, గుండ్రంగ, కోడిగుడ్డంత.
ఓదెలు నవ్విండు. నాకు నవ్వు రాలే,
ఎందుకో ఇంత మంచిగ కూడ అనిపిచ్చింది.

రాత్రి హన్మకొండల బకెట్ల చీర నానేస్తుంటె
అంచుకు ఉత్తరేణి గింజలు, ఏడు.
ఏ గడిల రాయనివి.
పీకి అరచేతుల పెట్టుకొని నిలబడ్డ.
కిటికీల నుంచి ఇసిరేద్దామంటె
ఇది వాటి ఊరు కాదు.
మళ్ల వచ్చే యాడాది దాంక
అగ్గిపెట్టెల పెట్టిన.
అగ్గిపెట్టె మీద ఏం రాయాల్నో తెల్వక
పెన్ను మూత తీసి, మూత పెట్టి,
లైటు బంద్ చేసిన.