రెండు బొమ్మలు

వారాసిగూడ చౌరస్తాల మా ఫోటో స్టూడియోకు
పందొమ్మిదేండ్లు.
హాల్‌టికెట్ ఫోటోలు, పెండ్లిచూపుల ఫోటోలు.
ఎన్ని కండ్లు సక్కజేసిన్నో లెక్కలేదు.
బయటికి జారిన నల్లగుడ్డును
మౌసుతో పట్టి నడిమికి గుంజుడు
రెండు నిమిషాల పని,
ముప్పై రూపాయలు ఎక్కువ.

మొన్న బడి ఐడీ కార్డుకు
మా రుత్వికను అదే స్టూలు మీద కూసోబెట్టిన.
"ఇటు చూడు బిడ్డా."
"ఇటే చూస్తున్న నాన్నా."
కుడికన్ను నన్ను చూసింది.
ఎడమకన్ను
గోడ మీది మంచుకొండల తెర దిక్కు
నిమ్మళంగ జారిపోయింది.
రెప్ప కొట్టంగనే మళ్ళ వచ్చి కూసున్నది,
ఏం ఎరగనట్టు.

అలవాటైన చెయ్యి. గుంజిన. సక్కగైంది.
ప్రింటు తీసి చూస్తే
ఆ పిల్ల నా బిడ్డ కాదు.

ఎండల బండెక్కితే ఒక కన్ను మూసుకునుడు,
బాలు ముక్కుకు తగిలినంక చేతులు చాపుడు,
గ్లాసు పక్కన నీళ్ళు పోసుడు.
"ధ్యాస ఏడున్నదే?" అని ఎన్నిసార్లు తిట్టిన్నో!

"మెల్లకన్ను అదృష్టం రా, పెద్దగైతే అదే పోతది"
అన్నది మేనత్త రాజవ్వ.
"కోఠి దిక్కు చూస్తే అమీర్‌పేట కనవడతదా?"
అన్నరట బడిల పోరగాళ్ళు.
అద్దాల దుకాణమాయన నంబరు లేదని పంపిండు.
ఫోటోకొచ్చిన నర్సమ్మ చెప్పింది,
దీనికి వేరే డాక్టరు ఉంటరని.

డాక్టరమ్మ ఒక కన్ను మూసి, తెరిచి,
రెండోది మూసి,
గాజు పట్టకాల కడ్డీ ఒకటి
కిందికీ మీదికీ జరిపింది.
"రెండు కండ్లు రెండు బొమ్మలు పంపుతయి.
కలిస్తే ఒక్కటే కనిపిస్తది.
కలవకపోతే మెదడు ఒకదాన్ని కొట్టేస్తది."

నాకు తెల్సు ఆ సంగతి.
మా నాయన పాత కెమెరా కిటికీల
ఒక్క మనిషే ఇద్దరై కనిపించేటోడు.
రింగు తిప్పుకుంట పోతే
ఇద్దరూ ఒక్కడైనంకనే బటన్ నొక్కాలె.
"రింగు ఉంటదా మేడం?" అని అడిగిన.
నవ్వింది గని ఉంటదనలే.
"పట్టీతో మొదలుపెడదాం. మూడు నెలలకు మళ్ళ కొలుస్త.
ఆపరేషన్ పడొచ్చు, పడకపోవచ్చు.
జల్దీనే వచ్చిన్రు."

జల్దీనా?
ఇంటికొచ్చి ఆల్బం తిరగేస్తే
రెండో పుట్టినరోజు కేకు ముందర్నే
ఆ కన్ను కిటికీ దిక్కు పోయింది.
తీసింది నేనే.

నిన్న ఒకాయన కొడుకు ఫోటో తెచ్చిండు,
"అన్నా, కన్ను జర సక్కజెయ్."
మౌసు ముట్టలే.
కవరు వెనక డాక్టరమ్మ పేరు రాసిచ్చిన,
ఏ అంతస్తో కూడా.
గుర్రుమనుకుంట పోయిండు.

బల్ల అవతల రుత్విక,
కుడికంటి పట్టీ మీద తనే గీసుకున్న చేప.
నాకు నీళ్ళు పోస్తున్నది.
సగం గ్లాసుల పడ్డయి,
సగం ఎవరివో హాల్‌టికెట్ ఫోటోల మీద.