కోర్వో కొండ కొలత

తెల్లవారుజాము నాలుగున్నర. ఉదినే బస్సు డిపో.
ఇంజను వేడెక్కేలోగా
నారింజరంగు గుర్తు మీద వేలు పెడతాను.
నాలుగు కొండలు నా అరచేతిలోకి దిగుతాయి
బొమ్మల్లేకుండా, ఒకదాని కింద ఒకటి,
ఫీడులో.

ఆదివారం యాభైమూడు సీట్లు.
పిల్లలు, బూట్లు, వెనక సీట్లో ఎవరిదో వాంతి.
ఏ కొండకి తోలాలో తేల్చాల్సింది నేనే.

మొదటి కొండ ఎప్పుడూ అద్భుతమే.
వాన పడ్డ రోజూ అద్భుతమే.
రెండోది శిఖరం మీది మంచే చెబుతుంది, ఎనభై, తొంభై.
శిఖరం మీద జారేదెవరు, గద్దలు తప్ప?
మూడోదానికి గోరంతను కొండంత చేయడం అలవాటు.
కొండే కదా, తప్పు పట్టలేం.

నాలుగోది కోర్వో.
మా భాషలో బొంతకాకి.
కాకి పేరు పెట్టుకున్న ఆ కొండ ఒక్కటే
కాకిలెక్కలు రాయలేదు.

"కొత్త మంచు రెండు సెంటీమీటర్లు. గాలి ఒకటి పట్టుకుపోయింది."
"రెండో లిఫ్టు కింద రాళ్లు తేలాయి. పాత స్కీలు తెచ్చుకోండి."
"ఇవాళ రావద్దు. నిజంగా."
చివర ఎప్పుడూ ఒకే అక్షరం: ని.

ఆ "రావద్దు" చదివిన ఆదివారం
బస్సును సముద్రం వైపు తిప్పాను.
గ్రాదోలో, జనవరి ఇసుక మీద,
పిల్లలు స్కీ బూట్లతో పరిగెత్తారు.
ఒక్క తల్లీ డబ్బు వెనక్కి అడగలేదు.

ఒరెస్తే మొదట్లో నవ్వేవాడు,
"ఏమంది నీ కాకి?" అని.
తర్వాత్తర్వాత
మోటార్‌సైకిల్ బయటికి తీయాలన్నా అదే అడిగేవాడు,
నవ్వకుండా.

రెండేళ్ల కిందట కోర్వో లిఫ్టులు ఆపేశారు.
తీగలు విప్పి ఎవరికో అమ్మేశారు.
నా బస్సు ఇప్పుడు మొదటి కొండకే,
ఫిరంగులు రాత్రంతా ఊదిన మంచుకి.
ఇక ఎందుకని, ఫీడులోంచి నాలుగోదాన్ని తీసేయబోయాను.
నవంబరు ఇరవయ్యారు.

"లిఫ్టులు: సున్నాకి సున్నా.
కొత్త మంచు పద్నాలుగు. పొడిగా ఉంది, గుప్పిట పడితే ఉండ కాదు.
కుందేలు ఒకటి టికెట్ కిటికీ దాకా వచ్చి వెనక్కి పోయింది. ని."

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ.

శనివారం సంతలో ఆ లోయవాడు జున్ను అమ్ముతాడు.
"నీవెస్ కదా," అన్నాడు, తూస్తూనే.
"ఆగస్టులో, మంచు మాత పండగనాడు పుట్టింది, అందుకా పేరు.
కొలకర్ర వాళ్ల పెరట్లోనే ఉంది.
కొండ అమ్ముకున్నవాళ్లు
ఆమె దగ్గర పాస్‌వర్డ్ తీసుకోవడం మరిచారు.
ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆవిడ ఆపలేదు.
ఇంకో ముక్క వేయమంటావా?"

వేయమన్నాను.
నేనొకణ్ణి చదువుతున్నానని ఆమెకు చెప్పమందామనుకున్నాను,
వెనక వరుసలో జనం.
ఫీడు కాలువలాంటిది, అటునుంచి ఇటే పారుతుంది.
ఇటునుంచి ఒక్క మాటా ఎక్కదు.

మార్చి పదకొండు:
"వాన కలిసిన మంచు. ముప్ఫై. కర్ర ఒరిగితే నిలబెట్టబోయి జారాను.
రేపు కొలత ఉండకపోవచ్చు."

పన్నెండున మూడు కొండలు.
పదమూడున మూడు. మొదటిది అద్భుతం.
పద్నాలుగున ఇంజను వేడెక్కాక కూడా
బ్రేకు తీయలేదు. తెరను కిందికి లాగాను, వదిలాను,
లాగాను.

పదిహేను. నాలుగు ముప్ఫైయెనిమిది.
"ముప్ఫై ఒకటి, అటూ ఇటుగా. ఎడమచేత్తో కొలిచాను."

ఇన్నేళ్లలో ఆమె "అటూ ఇటుగా" అనడం
ఇదే మొదలు.
ఒరెస్తే అద్దం మీద తట్టాడు,
పెదాలు కదిలాయి, వినపడలేదు.
అద్దం దించాను.
"ముప్ఫై ఒకటి," అన్నాను.