తాళాలిచ్చే ముందు

తాళాలు ఇప్పుడే ఇవ్వను, దీనమ్మ గారూ.
ముందిలా రండి, ఈ చక్రం పక్కన కూర్చోండి.
చీర నలిగితే నలిగింది.

టైరు చెంప మీద ఈ నాలుగంకెలు చూశారా,
అది దాని పుట్టుక.
మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.
గాట్లెంత లోతున్నా సరే
ఆరేళ్లు దాటిన రబ్బరుని నమ్మకండి.
గాలి పొద్దున్నే చూపించండి, బండి కదలక ముందు.
ఎండెక్కాక టైరు అబద్ధం చెబుతుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఇలాంటి బస్సులోనే
గుడివాడ రూటులో నిలబడి టిక్కెట్లు కొట్టారు మీరు.
వేలంలో ఈ పాత బస్సు పాడుకుని
ఆటోనగర్ నాలుగో క్రాసుకి తోలించుకొచ్చి
"బాజీ మేస్త్రీ, దీన్ని ఇల్లు చెయ్యి" అంటే
మా కుర్రాళ్లు నవ్వారు.
నేను కింద దూరి చూశాను.
ఫ్రేము గట్టిది. తుప్పు పైపైనే.

నీళ్ల టాంకీ ఇరుసు మీదకి వచ్చేలా పెట్టాను.
వెనక్కి పెడితే మలుపులో బండి తోకాడిస్తుంది.
నిండుకుండ తొణకదంటారు,
నిజమే, కానీ నిండుకుండ డీజిలు తాగుతుంది.
పావు నింపుకుని బయల్దేరండి,
మజిలీ చేరాక పట్టుకోవచ్చు.

గ్యాసు కట్టేశానని గుర్తుంటే చాలదు,
చేత్తో తిప్పి చూడాలి. ప్రతిసారీ.
జాయింట్ల మీద నెలకోసారి సబ్బునురగ పుయ్యండి,
బుడగ లేచిందంటే పొయ్యి జోలికి పోవద్దు.
గ్యాసు నేలబారున పాకుతుంది,
అందుకే అడుగున రెండు కన్నాలు పెట్టాను.
లంబసింగి చలిలో వాటికి గుడ్డలు కుక్కకండి,
దుప్పటి ఇంకోటి కప్పుకోండి.

వైర్ల దగ్గర మొదట గుంటూరు మిరపకాయలు వేలాడదీశాను,
ఎలుకలు రావని ఎవడో చెబితే.
ఎలుకలు వచ్చాయి. తుమ్ములు నాకొచ్చాయి.
ఇప్పుడు ఇనపజాలీ కొట్టించాను లెండి.

అద్దం పైన ఎర్ర పెయింటుతో రాసింది చదవండి.
పదకొండడుగుల రెండంగుళాలు,
సోలారు పలకలతో కలిపి.
రైలు కట్ట కింద దారి కనపడితే ఈ అంకె తలుచుకోండి.
అక్కడి బోర్డుని పూర్తిగా నమ్మకండి,
బోర్డు రాశాక రోడ్డు మూడుసార్లు పోసుంటారు.

చీకట్లో నడపొద్దు. బొగ్గు లారీలకి వెనక దీపాలుండవు.
నలుగురు డ్రైవర్లు నిద్రపోయే చోటే మీరూ ఆపండి,
చెట్టు నీడ బాగుందని ఒంటరిగా ఆపొద్దు.
నెల్లాళ్లు నిలబెట్టాలంటే చేతిబ్రేకు వేసుంచకండి,
పట్టేస్తుంది. చక్రాలకి చెక్కలు పెట్టండి.
వారానికోసారి స్టార్టు చేసి నాలుగు వీధులు తిప్పండి.
నడిపితే పాడయ్యే బండ్లు తక్కువ,
దాచుకుంటే పాడయ్యేవే
ఈ షెడ్డు నిండా.

సీట్లన్నీ పీకేశాం గానీ
ముందు తలుపు పక్కన మీ కండక్టరు సీటొకటి వదిలేశాను.
వద్దనుకుంటే నాలుగు బోల్టులే,
పన్నెండో నంబరు పానా.
మీరేం అనట్లేదు.
సరే, ఉండనివ్వండి.

రివర్సు ఒక్కటే నాకు భయం.
ఇన్నాళ్లూ మీరు వెనక నించుని రేకు మీద కొట్టారు,
ఎవరో నడిపారు.
నిరుడు హెవీ లైసెన్సు తీసుకున్నారు, మంచిదే,
కానీ ఇప్పుడా రేకు కొట్టేవాళ్లు లేరు.
ఆపి, దిగి, వెనక్కి నడిచి చూసి, మళ్లీ ఎక్కండి.
వంద మంది హారన్లు కొట్టినా సరే.

ఇవిగో తాళాలు.
ఇవాళ్టికి వెనక నేనున్నాను.
రానివ్వండి... రానివ్వండి... ఎడమకి కొట్టండి...
చాలు. ఇక ముందుకే.
రైట్, రైట్!

హోల్డాన్! ఆగండాగండి,
మెట్టు మడవలేదు.