తెల్వదన్న మాట

మల్లేపల్లి చౌరస్తాల నా దుకాణం.
పైన బోర్డు: శ్రీ మైసమ్మ ఎరువులు, పురుగుమందులు.
కింద, పోయిన ఎండకాలం రాయించిన లైను:
రాత్రి పగలు మీ ప్రశ్నకు జవాబు.

జవాబిచ్చేది నేను గాదు.
నల్లగొండ నుంచి ఒక పోరడొచ్చి
ఫోన్ల పెట్టిపోయిండు దాన్ని.
నెలకు పదకొండు వందలు.
బీడీకని బయటికి పోదు, పెండ్లిళ్ల సీజన్ల సెలవడుగది.
రాత్రి రెండింటికి అడిగినా
"తప్పకుండా! సంతోషంగా సాయం చేస్తాను" అంటది
రేడియోల వార్తలు చదివినట్టు.
ఆ మాటలకే మురిసిన.

అంతకుముందు స్టూలు మీద పెంటయ్య ఉండేటోడు,
ఇరవై రెండేండ్లు.
ఏదడిగినా ముందు గొంతు సవరించుకునేటోడు.
"తెల్వదు బిడ్డా. పొద్దుగాల ఆకు తెంపుకరా, సూస్త."
ఈ తెల్వదుతోని ఎన్ని బేరాలు పోయినయో
నేను వేళ్ల మీద లెక్కపెట్టుకునేది.
పక్క దుకాణంల అన్నీ తెల్సినోడు కూసున్నడు మరి.
పెంటయ్యను గోదాముకు పంపిన, బస్తాలు లెక్కవెట్టనీకి.

రమావత్ ద్వాళి, సాక్రు తండా,
ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ల మాట్లాడింది.
సగం లంబాడి, సగం తెలుగు, నడుమ దగ్గు,
ఎనుక బోరు మోటరు చప్పుడు.
బత్తాయికి ఆకుముడత వచ్చింది,
నా తాన పదిహేను లీటర్ల వీపు ట్యాంకు,
ఎంత కలపాలె?
ఆ ముచ్చట ఇంకా ఉంది నా దగ్గర. మల్లమల్ల ఇంటున్న.
పదిహేను అంటనే ఉంది ఆమె.

డ్రమ్ముకు చెప్పే లెక్క ట్యాంకుకు చెప్పింది అది.
తడవడలే. ఏమో అనలే.
మీ తోట కళకళలాడాలని కోరుకుంటున్నాం అని
కడకు ఒక పచ్చ ఆకు బొమ్మ పెట్టింది.

నాలుగో రోజు వచ్చింది ద్వాళి.
అరవలే. కౌంటరు మీద సంచి బోర్లిచ్చింది.
గోళీలంత కాయలు, నల్లగ.
ఆకులు అప్పడాల్లెక్క పెళపెళమన్నయి.
ఆరేండ్ల చెట్లు, నూటా పది,
బోరెండిన ఏడు ట్యాంకరు నీళ్లు కొని పోసినయి.

"నేను చెప్పలే అమ్మా, మిషిని చెప్పింది" అన్న.
ఆమె ఫోను తీసి చూపిచ్చింది.
చదువు రాదు. బొమ్మ గుర్తువడ్తది,
గుండ్రంల మైసమ్మ, మా దుకాణం బొమ్మ.
"గిది నువ్వు గాదా?"

పోరనికి ఫోన్ చేసిన. కంపెనోళ్లను అడుగన్నడు.
కంపెనీకి చేస్తే ఒక గొంతు ఎత్తింది:
"తప్పకుండా! సంతోషంగా సాయం చేస్తాను."

తర్వాత కాయితం పంపిన్రు. పన్నెండో పేజీల ఉందట
జవాబులు తప్పు కావచ్చునని,
సరిచూసుకునుడు నా బాధ్యతేనని.
నేను ఒప్పుకొని నొక్కిన టైము గూడ ఉంది:
మధ్యాహ్నం రెండూ పదిహేడు.
అన్నం తినుకుంట నొక్కిన్నేమో.

ఇంకోటుంది, ఎవ్వలికీ చెప్పలే.
బాకీల పుస్తకం గూడ దానికే చదివిపిచ్చిన,
ఎవలెంత, ఎవల నంబరెంత.
మొన్న ఎనిమిది మందికి ఎవడో ఫోన్ చేసిండట,
లోన్ గావాల్నా అని. వాళ్ల బాకీ రూపాయలతో సహా చెప్పిండట.
అనుమానమే. రుజువు లేదు.
కానీ పుస్తకం నాదే గదా.

గోదాముకు పోయిన.
పెంటయ్య ఆకును వేళ్ల నడుమ నలిపిండు, వాసన చూసిండు,
గొంతు సవరించుకున్నడు.
"తెల్వదు. పా, చెట్లను అడుగుదం."

తండాకు బండి మీద పోయినం.
ఒక్కొక్క కొమ్మను గోటితో గీకి చూస్తున్నడు.
కొన్నిట్ల తోలు కింద పచ్చ ఉంది.
కొన్నిట్ల లేదు.
ద్వాళి ఎనకెనక నడుస్తుంది, ఏమంటడో అని.
ఆయన ఏమంటలేడు.
నలభై ఒకటో చెట్టు కాడ పొద్దు గూకింది.