కొసరు

ప్రభువా, ఈ గిద్ద గ్లాసు చూడు.
రేకుది. మా అమ్మ వాడింది, తర్వాత నేను.
అడుగున లోపలికి బొటనవేలంత సొట్ట.
ఎప్పుడు పడిందో ఇద్దరికీ గుర్తులేదు.
పడిందని మాత్రం ఇద్దరికీ తెలుసు.

మలావీ సరస్సు ఒడ్డున, ఉసిస్యా రేవులో
నలభై ఏళ్లు కిరసనాయిలు కొలిచాను.
పొద్దు వాలితే జాలర్లు డబ్బాలతో బారు కట్టేవాళ్లు.
చీకటి పడ్డాక నీళ్ల మీద పెట్రోమాక్స్ దీపాలు,
దీపాల కిందికి ఉసిపా చేపలు
చిల్లర ఒలకబోసినట్టు.
ప్రతి దీపంలోనూ నా చేతి చమురే.
ప్రతి దీపంలోనూ ఒక చెంచా తక్కువే.

చెంచాయే కదా అనుకున్నాను.
చెంచా చెంచా కలిసి ఇంటిమీద రేకులయ్యాయి,
కూతురికి బడి బూట్లయ్యాయి,
ఆదివారం కానుక సంచిలో బిళ్లలూ అయ్యాయి.
వాటిని నువ్వు పుచ్చుకున్నావా?
ఆ లెక్క నువ్వే చెప్పాలి.

పాస్టరు హరావా తీర్పు దినం గురించి చెబితే
బల్ల అదురుతుంది.
బూరలంటాడు, అగ్నిగుండమంటాడు,
ముందు చాపమీది పిల్లలు ఏడుపు లంకించుకుంటారు.
నాకు అగ్ని భయం లేదు,
కిరసనాయిలు అమ్మినదాన్ని.
నా భయం ఈ గ్లాసు.
నువ్వు ఏ గ్రంథమూ తెరవకుండా
దీన్ని చేతిలోకి తీసుకుని
లోపలికి వేలు పెట్టి సొట్ట తడిమితే
ఏం చెప్పను?

యోతాము సంగతి నీకు తెలుసు.
ఆ రాత్రి మ్వేరా గాలి లేచింది.
దీపాలన్నీ ఒడ్డుకి తిరిగాయట,
ఒక్కటి మాత్రం నడిమధ్య
కొట్టుకుని కొట్టుకుని ఆరిపోయిందట.
గాలి ఆర్పిందో
చెంచా ఆర్పిందో.
ఖాళీ పెట్టె పూడ్చిన రోజు
పాట అందుకున్నది నేనే, పైస్థాయిలో.

మర్నాడు గ్లాసుని రాయికానించి సుత్తి వేశాను.
సొట్ట పోలేదు. అంచు వంకరపోయింది.
అప్పట్నించి ప్రతి కొలత మీదా ఒక చెంచా పోసేదాన్ని.
కొసరని వాళ్లనుకున్నారు.
బాకీ అని నేననలేదు.

యోతాము కొడుకు చవానంగ్వా పడవెక్కే ఈడుకొచ్చాడు.
వాడికి రెండు చెంచాలు.
"ఇంత ధారాళమేంటి న్యమాండా అవ్వా, నీళ్లు కలిపావా?"
బారంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఏ కోడీ కూయలేదు,
మా రేవులో ఆ వేళకి కోళ్లు గూళ్లు చేరతాయి.

తర్వాత బ్యాటరీ లైట్లు వచ్చాయి, చైనావి.
ఇప్పుడు సరస్సు మీద తెల్లటి వెలుగు, వాసన లేదు.
కిరసనాయిలు అడిగేవాడు లేడు.
తీర్చుకునే దారి మూసుకుపోయాక
బాకీ రాత్రిళ్లు లేచి కూర్చుంటుంది.

మొన్న వానలు వెలిశాక వాడింటికి వెళ్లాను.
వల అల్లుతున్నాడు. గ్లాసు ముందు పెట్టి
అంతా చెప్పాను, చెంచాతో సహా.
వాడు సూది ఆపలేదు.
ముడి మీద ముడి, ముడి మీద ముడి.
చాలాసేపటికి, తలెత్తకుండానే అన్నాడు:
"ఆ రోజు నాన్న దీపానికి మాంటిల్ చిరిగి ఉంది అవ్వా.
ఎంత చమురున్నా వెలిగేది కాదు."
అప్పుడు వాడికి నాలుగేళ్లు.
నిజమో, నా నెరిసిన తల చూసి పోసిన కొసరో,
నేనడగలేదు.
వస్తుంటే సంచిలో గుప్పెడు ఎండు ఉసిపా వేశాడు.

ప్రభువా, నువ్వు ఏ జాముకి వస్తావో ఎవరికీ తెలీదంటారు.
రా. ముసలిదానికి నిద్ర ఎక్కడిది.
డబ్బా అడుగున కాస్త చమురుంది,
రోజూ ఒక గిద్ద, దానిమీద ఒక చెంచా,
రేవు రాయి మీద లాంతరు పెడుతున్నాను.
బ్యాటరీ అయిపోయిన పడవ ఏదైనా ఉంటే చూసుకుంటుంది.
నా లెక్క నాకు తెలుసు, కొలిస్తే తక్కువే వస్తాను.
కొలువు. సరిగ్గా కొలువు.
కొలిచాక మాత్రం కొసరు అడుగుతాను,
నలభై ఏళ్లు అందరూ నన్నడిగినట్టే,
సిగ్గుపడకుండా, డబ్బా ఇంకా చాపే ఉంచి.

వత్తి పొగ చిమ్ముతోంది.
కత్తిరించి వస్తాను.